తలదెబ్బకు ముఖ్యమైన ప్రశ్నలు

భవానీపురంలో జ్ఞానప్రసూనాంబగారి చెవులంటే ఆ వీధి మొత్తానికీ భయం. ఆవిడ ముప్పై ఎనిమిదేళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో పనిచేశారు. మొదట్లో దూరపు ఊళ్ళకి ట్రంకు కాల్స్ కలిపేవారు. ట్రంకు కాల్స్ పోయాక ఫిర్యాదుల బల్ల దగ్గర కూర్చోబెట్టారు. 'మా ఫోను పనిచెయ్యట్లేదండీ' అని ఎవరైనా పక్కింటి ఫోనులోంచి మొత్తుకుంటే చాలు, స్తంభం దగ్గర తీగ తడిసిందా, ఎలుక కొరికిందా, లేకపోతే ఆ ఇంట్లో చంటివాడు రిసీవరు సరిగ్గా పెట్టలేదా అన్నది ఆ గొంతు తడబాటుని బట్టి చెప్పేసేవారు. ఉద్యోగం రిటైరయింది గాని చెవులు రిటైరవలేదు. పాలల్లో నీళ్ళు కలిపిన రోజు పాలవాడు 'అమ్మగారూ' అని పిలిచే పిలుపులోనే ఆవిడకి తెలిసిపోయేది. ఆ బాధ పడలేక అతను ఈమధ్య పిలవడం మానేసి బెల్లు కొట్టి పారిపోతున్నాడు.

ఆవిడ భర్త జానకిరామయ్యగారికి దేవుడు చెవుల బదులు నోరిచ్చాడు. కెమిస్ట్రీ లెక్చరరు. బెజవాడ ఇంటర్మీడియట్ కాలేజీల్లో ముప్పై తొమ్మిదేళ్ళు ఆ నోటితోనే బతికారు. 'ముఖ్యమైన ప్రశ్నలు' అని ఏటా ఆయన ఒక పుస్తకం వేసేవారు. రసాయనశాస్త్రం ఎందుకు చదవాలో ఆయన ఎన్నడూ చెప్పలేదు. ఎవరూ అడగనూ లేదు. పరీక్షలో ఏది వస్తుందో చెప్పేవారు, అది వచ్చేది. అంతకంటే చదువేముంది?

ఆయనకి ఇంకో గుణం కూడా ఉంది. తప్పు కనబడితే ఆగలేరు. పెళ్ళి శుభలేఖల్లో, బస్సు బోర్డుల మీద, పురోహితుడి సంకల్పంలో, ఆఖరికి పక్కవాళ్ళు పోట్లాడుకుంటుంటే వాళ్ళ తిట్లలో కూడా తప్పులు దిద్దేవారు. ఇంట్లో సరే సరి. పప్పులో ఉప్పు తక్కువైతే, దాన్ని సోడియం క్లోరైడు లోపం కింద అరగంట వివరించేవారు.

అరవై అయిదో ఏట కాలేజీవాళ్ళు ఆయనకి శాలువా కప్పి, ఆయన నిలబడే చోట గోడకి ఒక తెర తగిలించారు. ఆ తెరలోంచి పవన్‌కుమార్ అనే కుర్ర లెక్చరరు నలభై కాలేజీలకి ఒకేసారి పాఠం చెబుతాడు. తెరని మధ్యలో ఆపి సందేహం అడగడానికి లేదు. జానకిరామయ్యగారి క్లాసులోనూ లేదనుకోండి, అది వేరే సంగతి. నాలుగేళ్ళు ఆయన ఇంట్లో కూర్చున్నారు. ఆ నాలుగేళ్ళూ ప్రసూనాంబగారు ఏకైక విద్యార్థినిగా గడిపారు.

ఇలా ఉండగా కంకిపాడు నుంచి వెంకటకృష్ణారావు ఫోన్ చేశాడు. ఆయనకి కరకట్ట పక్కన కొంత పొలం, ఊళ్ళో ఒక ఫంక్షన్ హాలు ఉన్నాయి. పెళ్ళిళ్ళు లేని రోజుల్లో హాలు ఖాళీగా ఉండటం చూడలేక అందులో ఎంసెట్ కోచింగు పెట్టాడు. పరీక్షకి ముందు ఆదివారం ఆరువందల మంది పిల్లలకి ఆఖరి క్లాసు చెప్పాలి, మీరే రావాలి సార్ అన్నాడు. తెర కాదు, స్టేజీ. మైకు. ఆరువందల మంది. ఆ రాత్రి జానకిరామయ్యగారు అద్దంలో చూసుకుని మీసానికి రంగు వేసుకున్నారు.

ఆదివారం ఇంకా పదమూడు రోజులుందనగా, ఒక సోమవారం మధ్యాహ్నం, ఇంట్లో ఫోను మోగింది.

"అమ్మగారూ, నేను వన్ టౌన్ ప్రెస్సు జాన్ పాల్‌నండి. కంగారేం లేదండి."

కంగారేం లేదన్న మాట విన్నాకే ప్రసూనాంబగారికి కంగారు పుట్టింది.

"సార్‌గారికి తలకి షట్టరు తగిలిందండి. రక్తం లేదండి. బానే మాట్లాడుతున్నారండి. కాకపోతే ప్రూఫు చేతిలో పట్టుకుని ప్రూఫు ఎప్పుడిస్తావని అడుగుతున్నారండి. ఇప్పటికి నాలుగు సార్లయింది."

"ఇచ్చానని చెప్పలేకపోయావా నాయనా?"

"చెప్పానండి. థ్యాంక్స్ అన్నారండి. సార్ నాకు ఇరవై ఏళ్ళుగా తెలుసండి, ఒక్కసారి కూడా థ్యాంక్స్ అన్లేదండి. అందుకే భయమేసి చేశానండి."

జరిగింది ఇది. ఆరువందల మందికి పంచడానికి నాలుగు పేజీల కాగితం ఒకటి అచ్చు వేయించాలని జానకిరామయ్యగారు ప్రెస్సుకి వెళ్ళారు. ఏప్రిల్ ఎండ లోపలికి కొట్టకుండా జాన్ పాల్ షట్టరుని నడుము దాకా దించి పెట్టాడు. ప్రూఫు చదువుకుంటూ, వంగి బయటికి వస్తున్నారు ఈయన. సరిగ్గా షట్టరు కింద ఉండగా అమోనియా తయారీ దగ్గర రెండు వైపులా ఉండాల్సిన బాణం గుర్తు ఒక వైపే ఉండటం కంటబడింది. తప్పు కనబడితే ఆగే మనిషి కాదు కదా. అక్కడికక్కడే, వంగిన మనిషి వంగినట్టే ఉండకుండా, "జాన్ పాల్!" అని గర్జిస్తూ నిటారుగా లేచారు. ఇనుము గెలిచింది.

ప్రసూనాంబగారు ఆయన్ని ఇంటికి తీసుకురమ్మనలేదు. "ఆటో ఎక్కించి శాంభవి దగ్గరికి తీసుకురా, నేను అక్కడికే వస్తున్నా" అన్నారు. శాంభవి జానకిరామయ్యగారి దగ్గర చదువుకున్న అమ్మాయే. ఇప్పుడు ఊళ్ళో ఒక పెద్ద ఆసుపత్రిలో నరాల డాక్టరు.

"సార్, ఇవాళ ఏ వారం?" అని మొదలుపెట్టింది శాంభవి.

"సోమవారం."

"మనం ఎక్కడున్నాం?"

"నీ క్లాసులో." ఒక్క క్షణం ఆగి, "కాదు, నీ ఆసుపత్రిలో" అన్నారు.

"ప్రెస్సు నుంచి ఇక్కడికి ఎలా వచ్చారు?"

జానకిరామయ్యగారు భార్య వైపు చూశారు. ఆవిడ మొహంలో జవాబు కనబడనివ్వలేదు. "ఆటోలో అయుండాలి" అన్నారాయన, మల్టిపుల్ చాయిస్‌లో ఒకటి గీకినట్టు.

వాంతి అయిందా, స్పృహ తప్పిందా, రక్తం పల్చబడే మందులేమైనా వాడుతున్నారా అని అడిగింది. ఏవీ లేవు. వయసు అరవై తొమ్మిది కాబట్టి స్కాన్ తీయక తప్పదంది. తీయించుకొచ్చారు. లోపల రక్తం గూడు కట్టలేదు, ఎముక చిట్లలేదు. ఆ తరవాత శాంభవి ఒక అట్ట తీసి, "అయిదు మాటలు చెబుతాను సార్, గుర్తుపెట్టుకోండి. కాసేపాగి అడుగుతాను" అని చదివింది: మామిడి, తాళం, వాన, కుర్చీ, గేదె.

ఈలోగా నెలల పేర్లు వెనకనుంచి చెప్పమంది.

"డిసెంబరు, నవంబరు, సెప్టెంబరు..."

"అక్టోబరు ఏది సార్?"

"దసరా సెలవులు" అన్నారు జానకిరామయ్యగారు తడుముకోకుండా.

ఒక పాదం ముందు ఇంకో పాదం పెట్టి గీత మీద నడవమంటే మూడో అడుగులో డాక్టరుగారి బల్ల మీదికి వాలారు. అయిదు మాటలు అడిగితే "మామిడి... గేదె..." అని చాలాసేపు ఆలోచించి, మళ్ళీ "మామిడి" అన్నారు.

"ఒకే జవాబు రెండుసార్లు రాస్తే ఒక్క మార్కే సార్."

"అయితేనేం, నలభై శాతం. పాసుకి ముప్పై అయిదే కదా."

శాంభవి నవ్వలేదు. దీన్ని కంకషన్ అంటారని చెప్పింది. మెదడు పుర్రెలో ఒక్కసారిగా కుదుపుకి గురైతే దాని పని కొన్నాళ్ళు తప్పుతుంది, స్కాన్‌లో ఏమీ కనబడదు, అలాగని ఏమీ లేనట్టు కాదు అంది. జానకిరామయ్యగారికి ఎక్కలేదు గాని ప్రసూనాంబగారికి ఒక్క ముక్కలో ఎక్కింది. ఎక్స్ఛేంజీ కూలిపోలేదు, కేబులు తెగలేదు, లైన్లో మాత్రం గరగర ఉంది. ఇలాంటి ఫిర్యాదులు ఆవిడ వేలల్లో విన్నారు.

"మందేముంది తల్లీ?"

"మందంటే నొప్పికి పారాసెటమాల్ ఒక్కటే ఆంటీ, ఇంకేదీ వెయ్యకండి. రెండు రోజులు ఇంట్లో ఊరికే ఉండాలి. తరవాత కొంచెం కొంచెంగా నడక, కొంచెం చదువు. చేస్తుంటే తలనొప్పి పెరిగిందంటే ఆపేయాలి. ఫోను పది నిమిషాలు మించొద్దు. స్కూటరు ముట్టుకోకూడదు. నిద్ర పట్టనివ్వండి. కాని వాంతులు మొదలైనా, నొప్పి ఆగకుండా పెరిగినా, మాట ముద్దగా వచ్చినా, లేపితే లేవకపోయినా క్షణం ఆగకుండా తీసుకొచ్చెయ్యండి."

"ఆదివారం కాక పై ఆదివారం నాకు స్టేజీ మీద మూడు గంటల క్లాసుంది" అన్నారు జానకిరామయ్యగారు.

"పై గురువారం మళ్ళీ పరీక్ష పెడతాను సార్. తగ్గిందనిపిస్తే పంపిస్తాను. తగ్గకుండా వెళ్ళి, ఈ ఎండాకాలంలో మూడు గంటలు మైకు ముందు నిలబడి, కళ్ళు తిరిగి స్టేజీ మీంచి పడ్డారనుకోండి, మొదటి దెబ్బ మానకుండా రెండో దెబ్బ తగిలితే, మీ వయసులో నేను కూడా ఏం చెప్పలేను."

ఈ చివరి మాట ప్రసూనాంబగారి చెవిలోకి వెళ్ళి అక్కడే కూర్చుంది. జానకిరామయ్యగారి చెవిలోకి వెళ్ళింది 'మళ్ళీ పరీక్ష' అన్న రెండు ముక్కలే.

సాయంత్రానికి స్కాన్ నార్మల్ అన్న వార్త వీధంతా పాకింది. బెజవాడలో స్కాన్ నార్మలంటే మనిషి నార్మలని అర్థం. వచ్చినవాళ్ళందరూ అభినందనలు చెప్పారు. ఒకావిడ తెల్లవార్లూ నిద్రపోనివ్వొద్దంది. ఇంకొకావిడ నల్ల కాఫీ పట్టమంది. ఎదురింటాయన మాత్రం, ఇంతకీ ఆ షట్టరుకేమైనా అయిందా అని అడిగి వెళ్ళిపోయాడు.

రెండు రోజులు జానకిరామయ్యగారు మంచం మీద బుద్ధిగా పడుకున్నారు. మూడో రోజున వెంకటప్పయ్య వచ్చాడు. ఆయన రిటైరైన తెలుగు లెక్చరరు. ఇద్దరూ ఒకే స్టాఫ్ రూములో ఇరవై ఏళ్ళు ఒకే పంకా కింద కూర్చోవడానికి పోట్లాడుకున్నవాళ్ళు. పోయినేడు వెంకటప్పయ్య స్నానాలగదిలో జారిపడి ఇదే ఆసుపత్రిలో ఇదే పరీక్ష రాశాడు.

"ఎన్నొచ్చాయిరా జానకీ?"

"అయిదుకి రెండు."

"ఛీ! నాకు నాలుగు."

ఆ 'ఛీ'తో జానకిరామయ్యగారు మంచం దిగిపోయారు. "నీకేం మాటలిచ్చారు?"

"ఏనుగు, సబ్బు, నది, బొత్తాం, తేనె. బొత్తాం మర్చిపోయాను. ఏడాదైనా ఆ బొత్తాం నన్ను వదల్లేదురా."

వంటింట్లో కూర తరుగుతున్న ప్రసూనాంబగారికి హాల్లోంచి నిశ్శబ్దం వినబడింది. ముప్పై తొమ్మిదేళ్ళ అనుభవమున్న బుర్ర, దెబ్బతిని ఉండి కూడా, దానికి తెలిసిన ఒకే ఒక్క దారిలో పనిచెయ్యడం మొదలుపెట్టిన నిశ్శబ్దం అది.

"ఒరే వెంకటప్పయ్యా, మాటలు అట్టలో చూసి చదివింది. అట్టలో ఉన్నాయంటే ముందే అచ్చువేసి పెట్టుకున్నవి. ముందే అచ్చువేశారంటే మహా అయితే నాలుగైదు సెట్లు ఉంటాయి."

"అవునురోయ్."

"పాత ప్రశ్నపత్రాలు దొరికితే చాలు."

భవానీపురంలో పొద్దున్నే కృష్ణ ఒడ్డున నడిచే పెద్దలకి ఒక సంఘముంది. అందులో ఎప్పుడో ఒకప్పుడు జారి పడని మనిషి లేడు. వెంకటప్పయ్య ఒక్క పూటలో అందరికీ ఫోన్లు చేసి, ఆ ఆసుపత్రికి వెళ్ళిన తలకాయలన్నిటి దగ్గరా మాటలు పోగుచేశాడు. మొత్తం నాలుగు సెట్లు తేలాయి. మూడో సెట్టులో ఒక మాట 'దుప్పటా' 'చాపా' అన్నదాని మీద ఇద్దరు పెద్దలకి మాటలు పెరిగి నడక మానేశారు.

ఆ తరవాత ఇంట్లో జరిగినదాన్ని విశ్రాంతి అనడానికి ప్రసూనాంబగారికి నోరు రాలేదు. పొద్దున సెట్ ఏ, మధ్యాహ్నం సెట్ బి, సాయంత్రం గ్రాండ్ టెస్టు. గుర్తుండటానికి ఒక్కో సెట్టుకి ఒక్కో వాక్యం కట్టారు. 'ఏనుగు సబ్బు పెట్టుకుని నదిలో దిగి బొత్తాం ఊడదీసుకుని తేనె తాగింది' అని అరవై తొమ్మిదేళ్ళ మనిషి గోడవైపు తిరిగి వల్లెవేస్తుంటే పనిమనిషి చీపురు వదిలేసి దణ్ణం పెట్టింది. నెలలు వెనకనుంచి జపంలా నడిచాయి. హాల్లో పలకల మధ్య గీత మీద ఫ్రిజ్జు నుంచి సోఫా దాకా నడక. మధ్యలో తూలితే ఆసరాకి గోడ. వెంకటప్పయ్య కుర్చీలో కూర్చుని మార్కులు వేశాడు.

"ఏవండీ, డాక్టరు పరీక్ష పెట్టేది మీకు తగ్గిందో లేదో చూడటానికి. మీరు దాన్నే బట్టీపడితే ఇంక తగ్గిందని ఎలా తెలుస్తుంది?" అన్నారు ప్రసూనాంబగారు.

"మార్కులొస్తే తగ్గినట్టే కదా ప్రసూనా."

ముప్పై తొమ్మిదేళ్ళుగా కొన్ని వేలమంది పిల్లలకి చదువొచ్చిందని ఆయన నమ్మింది కూడా ఈ లెక్క మీదే.

అప్పట్నుంచి ఆవిడ ఆయన్ని చూడటం మానేసి, వినడం మొదలుపెట్టారు. "కాఫీలో పంచదార చాలిందా?" అని అడుగుతారు. ఒకటి, రెండు, మూడు. అప్పుడు "ఆఁ, చాలింది" అని వస్తుంది. పూర్వం ట్రంకు కాల్లో దూరపు ఊళ్ళు అలాగే పలికేవి. ఇటు హలో అంటే అది స్తంభాలన్నీ దాటుకుంటూ వెళ్ళి, అవతలివాడు విని, మళ్ళీ తిరిగొచ్చేసరికి మనిషి సగం మాట మర్చిపోయేవాడు. ఎదురుగా సోఫాలో కూర్చున్న మొగుడు అంత దూరం నుంచి పలుకుతున్నాడు. నాలుగు సెట్లూ మాత్రం టకటకా వస్తున్నాయి. బట్టీపట్టింది దగ్గర్లోనే ఉంది, మనిషే ఎక్కడో ఉన్నాడు.

ఇంకొకటి కూడా ఆవిడ గమనించారు. పేపరు పట్టుకుని నలభై నిమిషాలు పేజీ తిప్పలేదు. టొమాటో పప్పులో ఆవిడ కావాలనే ఉప్పు వెయ్యకుండా పెడితే బాగుందని తినేశారు. పనిమనిషి "అయ్యగారు ఎంత మెత్తబడ్డారమ్మా, దెబ్బ మంచే చేసింది" అని సంబరపడింది. పెళ్ళయిన నలభై మూడేళ్ళలో ఇల్లు ఇంత ప్రశాంతంగా ఎప్పుడూ లేదు. ఆ ప్రశాంతతకి ప్రసూనాంబగారికి అన్నం సయించడం మానేసింది. బుధవారం దిండు కింద నొప్పి మాత్రల అట్ట దొరికింది. మొన్న కొన్న పదింట్లో మూడు మిగిలాయి.

"తలనొప్పి ఉందా?"

ఒకటి, రెండు, మూడు. "సున్నా."

గురువారం పొద్దున్న ఆటోలో వెళ్ళారు. జానకిరామయ్యగారు ఇస్త్రీ చొక్కా వేసుకుని, జేబులో రెండు కలాలు పెట్టుకున్నారు. రాత పరీక్ష కాదని చెప్పినా వినలేదు.

శాంభవి అట్ట తీసింది. "ఏనుగు, సబ్బు, నది, బొత్తాం, తేనె." జానకిరామయ్యగారి మొహంలో పండగొచ్చింది. సెట్ బి! మాటలు అప్పజెప్పారు. అంకెలు తిరగేసి చెప్పారు. డిసెంబరు నుంచి జనవరి దాకా అక్టోబరుతో సహా దించేశారు. గీత మీద గుడి చుట్టూ ప్రదక్షిణం చేసినట్టు నడిచారు. పది నిమిషాల తరవాత అడిగితే ఏనుగు దగ్గర్నుంచి తేనె దాకా వరస తప్పకుండా వచ్చాయి, వెంకటప్పయ్యని ఏడాది వేధించిన బొత్తాంతో సహా.

"సార్, సూపర్! అయిదుకి అయిదు. తలనొప్పి, కళ్ళు తిరగడం, వెలుతురు పడకపోవడం లాంటివి?"

"నిల్."

"అయితే ఆదివారం వెళ్ళి రండి సార్. మధ్యమధ్య కూర్చుంటూ చెప్పండి" అని శాంభవి కలం తీసింది.

ప్రసూనాంబగారు ఆ కలం వైపు చూశారు. నలభై మూడేళ్ళలో ఆయన్ని పరాయివాళ్ళ ముందు ఒక్కసారి తప్పు పట్టలేదు. ఇంట్లో ఎన్ననుకున్నా గుమ్మం దాటాక ఆయన మాటే మాట. పైగా ఎదురుగా ఉన్నది ఆయన శిష్యురాలు. నోరు విప్పితే ఈ మనిషికి తలవంపులవుతుంది. విప్పకపోతే ఈ తల స్టేజీ మీంచి కింద పడుతుంది. కలం కాగితాన్ని తాకింది.

"ఒక్క నిమిషం ఆగమ్మా శాంభవీ" అన్నారావిడ. "పేపరు లీకయింది."

"ఏంటాంటీ?"

"మీ అట్టల్లో ఉన్న నాలుగు సెట్లూ భవానీపురంలో వారం రోజులుగా తిరుగుతున్నాయి. మా ఇంట్లో రోజుకి మూడు పరీక్షలు. ఆ ఏనుగు నదిలో దిగి తేనె తాగడం మా పనిమనిషికి కూడా వచ్చు."

ఒకటి, రెండు, మూడు.

"ప్రసూనా!" అని అరిచారు జానకిరామయ్యగారు.

"చూశావా తల్లీ? కోపం కూడా ఆలస్యంగా వచ్చింది. ఈ మనిషికి కోపమంటే లోకల్ కాల్. మనం నంబరు తిప్పకుండానే మోగాలి. ఇప్పుడు ట్రంకు కాల్లా వస్తోంది." ఆవిడ కుర్చీ శాంభవి బల్ల దగ్గరికి జరుపుకున్నారు. "పప్పులో ఉప్పు లేకపోతే బాగుందన్నారమ్మా. నాకు భయంగా ఉంది."

శాంభవి కలం మూసేసింది. అట్ట పక్కన పడేసి, అప్పటికప్పుడు తోచిన మాటలు చెప్పింది: "గడియారం, చెప్పు, దువ్వెన, కాకి, గొడుగు. తిరిగి చెప్పండి సార్."

చెప్పారు, నాలుగు. కాసేపు పొద్దున్న ఏం తిన్నారు, ఏ దారిలో వచ్చారు అని కబుర్లాడింది. ఇడ్లీలన్నారు, ఉప్మా తిని వచ్చిన మనిషి. మళ్ళీ అయిదు మాటలు అడిగింది.

"గడియారం" అన్నారాయన. చాలాసేపటికి "బొత్తాం" అన్నారు.

ఎవరూ నవ్వలేదు. ట్యూబులైటు వైపు నుంచి మొహం తిప్పుకుని ఆయన కళ్ళు మూసుకున్నారు.

"సార్" అంది శాంభవి నెమ్మదిగా. "మీ ముఖ్యమైన ప్రశ్నలు చదివే నాకు సీటొచ్చింది. ఆ సంగతి ఎప్పుడూ మర్చిపోను. కాని ఇన్నేళ్ళలో నా దగ్గరికి ముఖ్యమైన ప్రశ్నల్లోంచి ఒక్క పేషెంటూ రాలేదు సార్. అందరూ సిలబస్ బయటివాళ్ళే. ఇప్పుడు చెప్పండి, నొప్పి పదికి ఎంత?"

జానకిరామయ్యగారు కళ్ళు తెరవకుండానే అడిగారు. "ఇందులో ఎక్కువ వస్తే మంచిదా, తక్కువ వస్తే మంచిదా?"

"నిజమొస్తే మంచిది సార్."

"ఏడు."

శాంభవి ఇంకో స్కాన్ తీయించింది. వయసు పైబడినవాళ్ళకి రక్తం నెమ్మదిగా చేరే ప్రమాదముంటుందంది. అది కూడా బాగానే ఉంది. అప్పుడు మొదటిరోజు చెప్పిన మందే మళ్ళీ చెప్పింది. ఈసారి గ్రాండ్ టెస్టులు లేకుండా. పది రోజులుగా మెదడుకి విశ్రాంతి పేరు చెప్పి పరుగు పందెం పెట్టారంది. ఏ బాధ ఉన్నా దాచకుండా ఆంటీకి చెప్పండి, ఆవిడ నాకు ఫోన్లో చెబుతారంది. ఆదివారం సంగతి శాంభవి ఎత్తలేదు. ఎత్తాల్సిన అవసరం ఎవరికీ కనబడలేదు.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో మాటల్లేవు. ఇంటికొచ్చాక కూడా లేవు. రాత్రి మజ్జిగన్నం పెడితే తిని, గోడవైపు తిరిగి పడుకున్నారు. ఆ మౌనం దెబ్బదా, కోపానిదా అన్నది మాత్రం ప్రసూనాంబగారి చెవులకి అందలేదు. చెయ్యాల్సిందే చేశానని ఆవిడకి తెలుసు. తెలిసినా నిద్ర పట్టలేదు.

శుక్రవారం పదకొండు గంటలకి కంకిపాడు నుంచి ఫోనొచ్చింది. ప్రసూనాంబగారు తియ్యబోతుంటే జానకిరామయ్యగారు చెయ్యి చాపారు. ఆవిడ స్పీకరు వేసి ఇచ్చి, వస్తానంటే లాక్కోవడానికి సిద్ధంగా పక్కనే నిలబడ్డారు.

"నమస్కారం సార్! బస్టాండు దగ్గర మీ ఫ్లెక్సీ కట్టించాను సార్. పక్కన ఎమ్మెల్యేగారి ఫ్లెక్సీ ఉంది, దానికంటే అర అడుగు పెద్దది. హలో? సార్? లైన్లో ఉన్నారా?"

"ఉన్నాను."

"ఆదివారం ఎనిమిదింటికి కారు పంపిస్తా సార్."

"కృష్ణారావుగారూ, నేను రాలేనండీ. తలకి దెబ్బ తగిలింది. ఇంకా తగ్గలేదు."

"అదేంటి సార్! స్కాన్ నార్మలని అందరూ అంటున్నారు?"

"స్కాన్ నార్మలే. నేనే ఇంకా కాలేదు."

"అట్లా అనకండి సార్. కుర్చీలో కూర్చుని చెబుదురు గాని. రెండు కూలర్లు పెట్టిస్తా. బోండాలు కొట్టించి పెడతా. మూడు గంటలొద్దు, గంట చాలు. పోనీ అరగంట. ఒకసారి మొహం చూపించి, వచ్చే ప్రశ్నలు ఓ పది చెప్పి దిగిపోండి సార్. పది!"

జానకిరామయ్యగారి పెదాలు కదిలాయి. ప్రసూనాంబగారి చెయ్యి ఫోను మీదికి వెళ్ళింది. ఆయన వేళ్ళ మీద ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టుకుంటున్నారు. నాలుగో వేలి దగ్గర ఆగారు. మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టారు. మళ్ళీ అక్కడే ఆగారు.

"ఆ పదీ నాకు గుర్తు రావట్లేదండీ" అన్నారు.

అవతల కృష్ణారావు బేరం ఆగిపోయింది. "అయ్యయ్యో" అన్నాడు. ఈసారి నిజం గొంతుతో. "అయితే రెస్టు తీసుకోండి సార్. మరి పిల్లలకి ఏం చెప్పమంటారు?"

"జరిగిందే చెప్పండి. షట్టరు తగిలిందని."

"షట్టరా సార్?" ఆయన కొంచెం నిరాశపడ్డాడు. "అంత పెద్ద ఫ్లెక్సీ కట్టాక షట్టరంటే బాగోదు సార్. లారీ అందామా?"

"షట్టరే."

ఫోను ఆవిడ చేతికిచ్చేసి జానకిరామయ్యగారు దిండు మీద వాలారు. ప్రసూనాంబగారు అక్కడే నిలబడి ఉన్నారు. నిన్నటి మాట ఎత్తుతారని చూశారు. ఎత్తలేదు.

"ఆ కిటికీ తలుపు వెయ్యి ప్రసూనా. వెలుతురు గుచ్చుతోంది. మొదట్నుంచీ గుచ్చుతూనే ఉంది."

ఆవిడ కిటికీ మూసి, ఫోను పక్కన ఉండే చిన్న పుస్తకం తెచ్చుకుని మంచం అంచున కూర్చున్నారు. "ఇంకా ఏమున్నాయి? చెప్పండి."

"రాసుకుంటావా?"

"చెప్పండి ముందు."

చెప్పడం మొదలుపెట్టారు. చదువుతుంటే వరసలు కదులుతున్నాయి. లేచినప్పుడు గది తిరుగుతోంది. మిక్సీ వేస్తే తలలో తిరుగుతోంది. వెంకటప్పయ్య గొంతు వింటే వికారంగా ఉంది. అది దెబ్బ వల్ల కాదన్నారు ప్రసూనాంబగారు, అయినా రాసుకున్నారు. ఒక్కొక్కటీ ఆగి ఆగి, వెతుక్కుంటూ వచ్చింది. ఆవిడ తొందరపెట్టలేదు. పదకొండు అయ్యాయి.

"ఇంకొకటి కూడా ఉంది" అని ఆయన చాలాసేపు పైకప్పు వైపు చూశారు. "ఏంటో... గుర్తు రావట్లేదు."

ప్రసూనాంబగారు పన్నెండో నంబరు వేసి, మరుపు అని రాసుకున్నారు.